రెండు మెడల గిటారు

సంగీతమునకు భాష లేదని పెద్దలు చెప్పుదురు. ఆ మాటలో సగమే నిజమని మా అభిప్రాయము. పాటకు భాష ఉన్నది. భాష లేనిది వాద్యమునకు మాత్రమే. 1998 మొదలు 2001 వరకు ఈ కళాశాలలో మాలో ఒకరు ఉర్దూ మాధ్యమమునను, మరొకరు తెలుగు మాధ్యమమునను చదివినాము. మా తరగతి గదుల నడుమ ఉన్నది ఒక్క గోడయే. అయినను ఒకరి పాఠ్యపుస్తకమును మరొకరు చదువలేకపోయినాము. అట్టి మేమిరువురము జీవితములో కలిసి కొన్న ఒకే ఒక పెద్ద వస్తువు వాద్యము కావడములో ఆశ్చర్యము లేదు. వార్షిక సంచికకు ఏదైనను వ్రాయవలసినదిగా సంపాదక వర్గము వారు కోరగా, దానిని గూర్చియే వ్రాయ నిశ్చయించినాము. మాలో ఒకరు ఉర్దూలో చెప్పగా, మరొకరు తెలుగులో వ్రాసిన వ్యాసమిది. కావున ఇందలి 'మేము' గౌరవ వాచకము కాదు. లెక్కకు సరిపడు బహువచనమే.

వీణలో దండి యని పిలువబడు భాగమును గిటారులో మెడ యందురు. సామాన్యమైన గిటారునకు ఒక దేహము, ఒక మెడ, ఆరు తీగలు. మా గిటారునకు దేహము ఒకటే గాని మెడలు రెండు. పై మెడకు పండ్రెండు తీగలు, క్రింది మెడకు ఆరు తీగలు. వెరసి పదునెనిమిది తీగలు, పదునెనిమిది బిరడలు. పై మెడ మీది పండ్రెండు తీగలు ఆరు జతలుగా అమరియుండును. మంద్రపు నాలుగు జతలలో ప్రతి జతయందును ఒక తీగ మరొకదాని కంటె ఒక స్థాయి ఎక్కువగా పలుకును. మిగిలిన రెండు జతలలో రెండు తీగలును ఒకే స్వరము పలుకును. ఎంత శ్రద్ధతో శ్రుతి చేసినను జంట తీగల నడుమ వెండ్రుకవాసి భేదము ఉండియే తీరును. ఒక తీగ సెకనుకు 330 మారులు, దాని జోడు 331 మారులు కంపించినచో, వినువానికి సెకనుకు ఒక మారు అల వచ్చి పోయినట్లుండును. పండ్రెండు తీగల గిటారులోని ఆ తళుకునకు కారణము ఈ చిన్న భేదమే. ఇద్దరు మనుష్యులు ఏకకంఠముగా పాడినప్పుడు కలుగు నిండుతనము వంటిదే ఇదియును.

ఇట్టి వాద్యము ఒక్కనాటి వింత కాదు. 1954లో అమెరికా దేశమున సెమీ మోస్లీ అను శిల్పి జో మాఫిస్ అను గిటారు వాద్యకునకు రెండు మెడల ఎలక్ట్రిక్ గిటారు చేసి యిచ్చినాడు. గిబ్సన్ కంపెనీ 1958లో తన రెండు మెడల గిటారును ప్రవేశపెట్టినది. 1960ల ఆరంభమున దానికి గట్టి కొయ్యతో, రెండు కొమ్ముల వంటి అంచులతో నేటి రూపము వచ్చినది. ఇ.డి.ఎస్. 1275 అను అంకెతో ప్రసిద్ధమైన నమూనా అదియే. అయినను లోకమునకు దాని పేరు తెలియుటకు మరి కొన్ని సంవత్సరములు పట్టినది.

1971లో లెడ్ జెప్లిన్ బృందము వారు 'స్టెయిర్‌వే టు హెవెన్' అను పాటను విడుదల చేసినారు. స్టూడియోలో జిమ్మీ పేజ్ ఆ పాటలోని వేర్వేరు భాగములను వేర్వేరు గిటార్లపై వాయించినాడు. స్టూడియోలో కాలమును కోసి అతుకవచ్చును. వేదికపై అట్లు వీలు కాదు. పాట మెల్లగా మొదలై, నడుమ పండ్రెండు తీగల నిండు నాదము కోరి, చివర ఆరు తీగల తీవ్రత కోరును. ఒక గిటారు దించి మరొకటి తగిలించుకొనుటకు అక్కడ వ్యవధి లేదు. అందువలననే పేజ్ ఎఱ్ఱని రెండు మెడల గిబ్సన్ చేపట్టినాడు. ఈగల్స్ బృందమున డాన్ ఫెల్డర్ 'హోటల్ కాలిఫోర్నియా' పాటను వేదికపై వాయించుటకు తెల్లని రెండు మెడల గిటారునే వాడినాడు. పండ్రెండు తీగల మెడపై ఏడవ మెట్టు వద్ద కాపో అను బిగింపు వేసి ఆ పాట ఆరంభమును పలికించినాడు. ఆడంబరము కొరకు పుట్టినదని అనేకులు తలచు ఈ వాద్యము, నిజమునకు అవసరము కొరకు ప్రసిద్ధి పొందినదని గ్రహింపవలెను.

ఇక మన దేశముతో దీనికి గల సంబంధము చెప్పదగినది. ఇంగ్లండులో 1942లో జన్మించిన జాన్ మెక్‌లాఫ్లిన్ 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా స్థాపించి, ఆ బృందములో రెండు మెడల గిబ్సన్‌ను విరివిగా వాయించినాడు. ఆయన వీణాభ్యాసము కూడ చేసినవాడు. 1970ల నడుమ వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్, తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్, ఘట విద్వాంసుడు విక్కు వినాయకరామ్‌లతో కలిసి 'శక్తి' బృందమును నెలకొల్పినాడు. ఆ బృందములో ఆయన పట్టిన గిటారునకు మెడ ఒకటే. కాని ప్రధానమైన తీగలకు అడ్డముగా మరి కొన్ని అనునాద తీగలు కట్టబడినవి. ఎల్. శంకర్ సైతము 1980 ప్రాంతమున రెండు మెడలు, పది తీగలు గల వయొలిన్ చేయించుకొన్నాడు. శక్తి బృందము మరల కూడినప్పుడు అందులో మాండలిన్ పట్టినవాడు మన పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్. ఆయన 2014లో కీర్తిశేషుడైనాడు. పాశ్చాత్యపు ఎలక్ట్రిక్ మాండలిన్‌పై కర్ణాటక గమకములు పలికించి, వాద్యమునకు జన్మస్థలము ఉండునే గాని సరిహద్దు ఉండదని నిరూపించిన మహనీయుడాయన.

2000 సంవత్సరమున హైదరాబాదులో ఆబిడ్స్ ఆదివారపు పాతపుస్తకముల బజారులో ఒక ఆంగ్ల పత్రిక ముఖచిత్రముపై మేము మొదటిసారి రెండు మెడల గిటారును చూచినాము. అప్పటికి మాలో ఒకరికి పెండ్లి బ్యాండులో వాయించు చిన్నాయన వలన గిటారు కొంత తెలియును. మరొకరికి భజన మండలి హార్మోనియము వలన స్వరజ్ఞానము కొంత కలదు. ఆ పత్రిక వెల పదిహేను రూపాయలు. అదియే మా మొదటి ఉమ్మడి ఖర్చు. తరువాత ఒకరము కుట్టుమిషన్లు బాగుచేయు దుకాణము పెట్టుకొన్నాము. ఒకరము గణితము బోధించు ఉపాధ్యాయులమైనాము. ఇద్దరము చెరి వెయ్యి రూపాయల చొప్పున ముప్పది రెండు నెలలు కూడబెట్టి, 2016లో చెన్నపట్టణమున సినిమా వాద్యబృందముల నుండి విశ్రాంతి తీసికొన్న ఒక పెద్దాయన వద్ద 64,000 రూపాయలకు మా గిటారు కొన్నాము. అది అసలు గిబ్సన్ కాదు. దాని పోలికతో చేయబడినది. అసలుది కొనుటకు మా ఇరువురి జీవితకాలపు పొదుపును చాలదు.

దానిని ఊరికి తెచ్చిన దినమున వీధి పిల్లలందరు మూగినారు. 'దో గర్దన్ వాలా గిటార్' అని ఉర్దూలోను, 'రెండు తలకాయల గిటారు' అని తెలుగులోను దానికి ఆనాడే నామకరణము జరిగినది. నెలలో మొదటి పక్షము ఒకరి ఇంటను, రెండవ పక్షము మరొకరి ఇంటను దాని నివాసము. రంజాను మాసమంతయు తెలుగు మాధ్యమము వాని ఇంటను, దానికి బదులుగా సంక్రాంతి సెలవులలో ఉర్దూ మాధ్యమము వాని ఇంటను ఉండవలెనని ఏర్పాటు. తీగలు మార్చుటకగు ఖర్చు చెరి సగము. పై మెడ మీది మూడవ జతలో సన్నని తీగ తరచుగా తెగును. పదునెనిమిదింటిలో అత్యంత ఎత్తైన స్వరమునకు బిగింపబడునది అదియే కనుక తెగుట దాని స్వభావము. ఎవరి ఇంట తెగినను కొత్తది కొనువాడు రెండవవాడు. ఈ నియమము వలన మా మధ్య ఒక్కనాడును తగవు రాలేదు.

విద్యార్థుల ఎరుక కొరకు ఇందలి విజ్ఞానమును కొంత చెప్పెదము. ఎలక్ట్రిక్ గిటారు దేహము లోపల బోలుగా ఉండనక్కరలేదు. ఉక్కు తీగల క్రింద అయస్కాంతము, దాని చుట్టును సన్నని రాగి తీగచుట్ట ఉండును; దీనిని పికప్ అందురు. తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రము చలించి చుట్టలో విద్యుత్తు పుట్టును. మైకేల్ ఫారడే 1831లో కనుగొన్న ప్రేరణ సూత్రమే ఇది. ఆ స్వల్ప విద్యుత్తును యాంప్లిఫయర్ పెద్దది చేయును. ఇంటి కరెంటులోని 50 హెర్ట్జుల రొద కూడ అదే చుట్టలో చేరుట ఒక చిక్కు. దానికి విరుగుడుగా 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అను ఇంజనీరు రెండు చుట్టలను ఒకదానికొకటి వ్యతిరేక దిశలో కలిపి, రొద రొదను కొట్టివేయునట్లును, నాదము నాదముతో కూడునట్లును చేసినాడు. మా గిటారునకు ప్రతి మెడ క్రిందను అట్టి పికప్పులు రెండేసి ఉన్నవి. ఏ మెడ పలుకవలెనో నిర్ణయించుటకు మూడు స్థానములు గల ఒక స్విచ్ ఉన్నది. పైకి త్రోసిన పండ్రెండు తీగలు, క్రిందికి త్రోసిన ఆరు తీగలు, నడుమ నుంచిన రెండును పలుకును. ఈ నడిమి స్థానమును గూర్చి ముందు చెప్పవలసినది ఉన్నది.

వాయించుటలోని కష్టము చూచువారికి తెలియదు. మా గిటారు బరువు 5 కిలోల 800 గ్రాములు. పట్టీతో భుజమునకు తగిలించుకొని అరగంట నిలిచినచో మెడనరము లాగును. కుడిచేయి పై తీగల మీదుగా వంగి క్రింది తీగలను చేరవలెను. ఎడమచేయి ఒక మెడ నుండి మరొక మెడకు దిగుటకు లిప్తకాలము మాత్రమే దొరకును. ఆ లిప్తలోనే కుడిచేయి స్విచ్‌ను త్రోయవలెను. ఒక మెడపై వాయించుచుండగా రెండవ మెడ తీగలు తమంతట తాము మ్రోగును కనుక వానిని అణచియుంచుట మరొక పని. ఈ విద్య పట్టుబడుటకు మాకు రెండు సంవత్సరములు పట్టినది. నిలువబడి వాయించుటలో మాలో నేర్పరి ఉర్దూ మాధ్యమము వాడే. పెండ్లి విందులలోను, పాఠశాల వార్షికోత్సవములలోను అతడు వాయించుచుండగా, తెలుగు మాధ్యమము వాడు కీబోర్డు పట్టి వెనుక నిలిచెడివాడు.

2021 మే నెలలో కోవిడ్ రెండవ వెల్లువ మా ఇంటి తలుపు కూడ తట్టినది. మాలో ఉర్దూ మాధ్యమము వాడు ఆసుపత్రిలో పదకొండు దినములు ఆక్సిజన్ మీద నున్నాడు. దుకాణము మూతపడియున్నది, ఖర్చు దినదినము పెరుగుచున్నది. అప్పుడు ఒక ఈవెంటు బృందము వారు మా గిటారునకు 70,000 రూపాయలు ఇచ్చెదమని కబురు పంపినారు. ఆ పక్షమున గిటారు ఉర్దూ మాధ్యమము వాని ఇంటనే ఉన్నది. తెలుగు మాధ్యమము వాడు వెళ్ళి అతని తల్లితో సంగతి చెప్పినాడు. మేమిద్దరము ఆమెను అమ్మీ అనియే పిలుతుము. ఆమె కొంతసేపు మౌనముగా నుండి ఇట్లన్నది:

"బేటా, అమ్మితే పైసలు వస్తయి. రేపు వాడు లేచి వచ్చి గిటారు ఏది అని అడిగితే ఏం చెప్తవు? నేను తిరిగి రానని మీరందరు అనుకున్నరా అంటడు గద!"

ఇట్లని ఆమె తన రెండు బంగారు గాజులను తీసి చేతిలో పెట్టినది. వానిని కుదువబెట్టి ఆసుపత్రి ఖర్చు గడిపినాము. గిటారు పెట్టెలోనే ఉన్నది. వస్తువునకు బజారు వెల వేరు, ఇంటిలో దాని వెల వేరని మేము ఆనాడు తెలిసికొన్నాము. బజారున అది 70,000 రూపాయలు. ఆ ఇంటిలో అది ఒక మనిషి తిరిగి వచ్చునన్న నమ్మకము. గాజులను విడిపించుటకు మా ఇద్దరికి పదునాలుగు నెలలు పట్టినది. 2022 జులైలో వానిని అమ్మీ చేతికి తొడిగినాము.

మనిషి తిరిగి వచ్చినాడు. బలము మాత్రము పూర్తిగా రాలేదు. నాలుగు మెట్లు ఎక్కిన ఆయాసము. దాదాపు ఆరు కిలోల గిటారును భుజమునకు తగిలించుకొని నిలుచుట ఇక సాధ్యము కాదని వైద్యులు చెప్పక ముందే మాకు తెలిసినది. మొదటి కొన్ని నెలలు ఇద్దరము ఆ పెట్టెను తెరువలేదు. ఒకనాడు అతడు కుర్చీలో కూర్చుండి గిటారును తొడపై ఉంచుకొని క్రింది మెడపై మాత్రము మెల్లగా వాయింపసాగినాడు. స్విచ్ అనుకోకుండ నడుమ స్థానములో ఉన్నది. క్రింద ఒక స్వరము మీటగా, పైన ఎవరును తాకని తీగలు దానికి బదులు పలికినవి. సితారులోను, సారంగిలోను ప్రధాన తీగల క్రింద నుండు తరఫ్ తీగలు చేయు పని ఇదియే. ఇన్నాళ్ళు మేము చేతితో అణచుచుండిన నాదమే అది. నిలువబడి వేగముగా వాయించు పాటలలో దానికి చోటు లేదు. కూర్చుండి నెమ్మదిగా వాయించునప్పుడు దానికి చోటు దొరకినది.

అది విన్న తరువాత పై మెడ శ్రుతిని మార్చినాము. ఒకటవ, రెండవ, ఆరవ జతలను ఒక్కొక్క స్వరము దించినాము. డి స్వరమును షడ్జముగా తీసికొన్నచో అప్పుడు మొదటి, నాల్గవ, ఆరవ జతలు షడ్జమును, రెండవ, అయిదవ జతలు పంచమమును పలుకును. మూడవ జత క్రింద చిన్న బట్టముక్క దూర్చి దాని నోరు మూసినాము. ఇప్పుడు పై మెడ తంబురాయైనది. ఉర్దూ మాధ్యమము వాడు కుర్చీలో కూర్చుండి క్రింది మెడపై వాయించును. తెలుగు మాధ్యమము వాడు ఎదురుగా చిన్న పీటపై కూర్చుండి, పై మెడ నడుమ, పండ్రెండవ మెట్టు వద్ద, వ్రేలితో తంబురా మీటినట్లు మీటును. ఒకే దేహము, ఒకే యాంప్లిఫయర్, ఇద్దరు మనుష్యులు. వేగము పోయినది, మాట నిజమే. కాని ఇంతకు మునుపు ఒకరు వాయింపగా మరొకరు వెనుక నిలిచెడివారము. ఇప్పుడు ఇద్దరము ఒకే వాద్యము వాయించుచున్నాము. యమన్ రాగమును అతడు ఎత్తుకొన్నప్పుడు ఇవతలివాడు దానిని కల్యాణి యని మనసులో అనుకొనును. రెండును ఒకటే యని పండితులు ఒప్పుకొనరు. స్వరములు మాత్రము ఒకటే.

ఒక మెడతో జరుగు పనికి రెండు మెడలేల అని మమ్ములను అడిగినవారున్నారు. ఒక పాటకు ఒక మెడ చాలును. అందులో సందేహము లేదు. రెండవ మెడ అవసరమగునది పాట నడుమ గొంతు మార్చవలసి వచ్చినప్పుడు. ఈ కళాశాల విద్యార్థులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ఇంటిలో ఒక భాష, బజారులో ఒక భాష, తరగతిలో మరొకటి మాటలాడుచు, ఒకటి దించి మరొకటి ఎత్తుకొనుటకు వ్యవధి లేక రెండింటిని ఒకే భుజమున మోయువారు మీరే. ఆ బరువు నిజమైనదే. భుజము నొచ్చుననుట కూడ నిజమే. అయితే నడిమి స్థానములో ఉంచినచో ఒకటి పలికినప్పుడు రెండవది ఊరక ఉండదు. తాకకయే బదులు పలుకును. ఆ పలుకును అణచుట ఒక విద్య. వినుట మరొక విద్య. మేము మొదటిది రెండు సంవత్సరములలో నేర్చినాము. రెండవది నేర్చుటకు ఒకరము రోగపడి లేవవలసి వచ్చినది. మీకు అంత ఆలస్యము కారాదని మా కోరిక.

కావున కళాశాల కమిటీ వారికి మా విన్నపము. రాబోవు విద్యాసంవత్సరము నుండి ప్రతి శనివారము మధ్యాహ్నము రెండు గంటల మొదలు నాలుగు గంటల వరకు మా గిటారును కళాశాలకు తెచ్చెదము. మేమిద్దరము కూర్చుండి తెలిసినంత నేర్పెదము, రుసుము అక్కరలేదు. తీగల ఖర్చు మాదే. కమిటీ వారు దయచేయవలసినవి మూడు: ఒక గది, ఒక విద్యుత్ ప్లగ్గు, దానికి సరియైన ఎర్తింగు. మూడవదానిని చిన్న విషయముగా ఎంచవలదని ప్రార్థన. ఎర్తింగు లేనిచోట గిటారు రొద పెట్టుటయే గాక, ఉక్కు తీగ పట్టిన చేతికి ప్రమాదము కూడ కలదు.

విద్యార్థులకు మా నియమము ఒక్కటే. ఒంటరిగా రావలదు; ఇద్దరుగా రండు. ఆ ఇద్దరును ఒకే మాధ్యమము వారై ఉండరాదు. ఎవరు ఏ మెడ పట్టవలెనో మీలో మీరే తేల్చుకొనవచ్చును.